నెల తప్పినట్టు అనిపిస్తే: గర్భం తొలి గుర్తులను తెలుసుకుని నిర్ధారించుకునే విధానం

"డేటు దాటి నాలుగు రోజులయింది, వాంతులు మాత్రం లేవు, గర్భమేనా?" "కిట్టులో రెండో గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది, ఏమనుకోవాలి?" ఒంగోలు, కావలి, పొదిలి, ఆత్మకూరు ప్రాంతాల పాఠకులు ఈ రెండు ప్రశ్నలనే మార్చి మార్చి అడుగుతున్నారు. అడిగేవారిలో కొత్తగా పెళ్ళయినవారు ఉన్నారు, ఏళ్ళ తరబడి బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవారు ఉన్నారు, ఉన్న ఇద్దరు చాలనుకుని ఆందోళన పడుతున్నవారూ ఉన్నారు. ఎవరు అడిగినా జవాబు ఒక్కటే. ఒంట్లో కనిపించే గుర్తులు అనుమానం కలిగిస్తాయే గాని నిర్ధారణ చేయవు. తేదీ లెక్క సరిగా వేసుకుని, తగిన రోజున పరీక్ష చేసి, ఫలితాన్ని సరిగా చదివితేనే సంగతి తేలుతుంది. అందువల్ల ఇక్కడ లక్షణాల కంటే లెక్కకూ పరీక్షకూ ఎక్కువ చోటిస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక

కింది వాటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం చదవడం ఆపి, వెంటనే 108కు ఫోన్ చేయండి లేదా దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్ళండి: పొత్తికడుపులో, ముఖ్యంగా ఒక పక్కన, భరించలేని నొప్పి, నెల తప్పిన తరువాత రక్తస్రావంతో పాటు కళ్ళు తిరగడం లేదా స్పృహ తప్పడం, కడుపునొప్పితో పాటు భుజం కొనలో నొప్పి, గంటకొక ప్యాడు తడిసిపోయేంత రక్తస్రావం. పిండం గర్భసంచిలో కాక, అండం గర్భసంచికి చేరే దారైన ట్యూబులో నాటుకున్నప్పుడు ఇలా జరగవచ్చు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో ఇటువంటి అత్యవసర శస్త్రచికిత్సకు సదుపాయం ఉంది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారికీ కాపర్-టి వేయించుకున్నవారికీ మరొక మాట చెప్పాలి. మన ప్రాంతంలో చిన్న వయసులోనే ఆపరేషన్ చేయించుకునే స్త్రీలు ఎక్కువ, "ఆపరేషన్ అయ్యాక కడుపేమిటి" అని నెల తప్పినా పట్టించుకోనివారూ ఎక్కువే. ఈ పద్ధతులు విఫలం కావడం అరుదు, కాని విఫలమైనప్పుడు గర్భం ట్యూబులో నిలిచే అవకాశం మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి మీరు నెల తప్పితే వెంటనే పరీక్ష చేసుకోండి. రెండు గీతలు వస్తే నొప్పి లేకపోయినా అదే రోజు డాక్టరును కలవండి.

కావలసినవి

- తేదీలు గుర్తు పెట్టుకున్న క్యాలెండరు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరైనా సరే, ఫోనైనా సరే.
- గర్భ నిర్ధారణ కిట్లు రెండు. ఒకటి చాలదు, ఎందుకో తరువాత తెలుస్తుంది. మందుల షాపులో దొరుకుతాయి. ఆశా కార్యకర్త దగ్గర ప్రభుత్వం ఇచ్చే 'నిశ్చయ్' కిట్టు ఉంటుంది, దానికి డబ్బు కట్టనవసరం లేదు.
- సబ్బు నురగ, తడి లేని శుభ్రమైన చిన్న కప్పు. వాడి పారేసే కప్పైతే మరీ మంచిది.
- గడియారం లేదా ఫోనులో టైమరు.
- మీరు వాడుతున్న మందుల చీటీలన్నీ.

కిట్టు కొనేటప్పుడు గడువు తేదీ చూడటం అందరికీ తెలిసిన విషయమే. అంతగా తెలియని విషయం వేడి. చాలా కిట్ల మీద 4 నుంచి 30 డిగ్రీల మధ్య భద్రపరచాలని రాసి ఉంటుంది. రోహిణీ కార్తెలో కనిగిరిలోనో ఉదయగిరిలోనో రేకుల కప్పు కింద, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే అద్దాల బీరువాలో ఉన్న కిట్టు ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ ఉన్న షాపులో, లేదంటే కనీసం నీడపట్టున సరుకు పెట్టే షాపులో కొనండి. కొన్నాక బండి డిక్కీలో వదిలేయకండి. సముద్రం ఒడ్డున ఉండేవారు చెమ్మ సంగతి కూడా చూసుకోవాలి: రేకు కవరును పరీక్ష చేసే క్షణంలోనే చించండి. ఫ్రిజ్‌లో పెట్టిన కిట్టును చల్లదనం పూర్తిగా పోయేవరకు బయట ఉంచి, ఆ తరువాతే తెరవండి.

1. తేదీ లెక్క వేయండి

గర్భం లెక్క ఎప్పుడూ చివరి నెలసరి మొదలైన రోజు నుంచే మొదలవుతుంది. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. మన ఇళ్ళలో చాలామందికి గుర్తుండేది తలకు పోసుకున్న రోజు. ఆసుపత్రిలో అడిగితే ఆ తేదీనే చెబుతారు. తలకు పోసుకునేది మూడో రోజో, ఐదో రోజో కాబట్టి లెక్క అన్ని రోజులూ వెనక్కి జరిగిపోతుంది. మొదటిసారి రక్తం కనిపించిన రోజునే రాసుకోండి. మొదట కొద్దిగా మరక కనిపించి, మరునాటి నుంచి మామూలుగా అయితే, మామూలుగా మొదలైన రోజును లెక్కలోకి తీసుకోండి.

తేదీ అసలే గుర్తు లేకపోతే పండుగలను పట్టుకుని వెనక్కి వెళ్ళండి. "సంక్రాంతి ముగ్గులకు నేను దూరంగా ఉన్నాను", "రొట్టెల పండుగకు రెండు రోజుల ముందు తలకు పోసుకున్నాను" వంటి జ్ఞాపకాలు క్యాలెండరు మీద తేదీలుగా మారతాయి. అదీ కుదరకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి, తొలి నెలల స్కానింగుతో లెక్క కట్టవచ్చు. ఊహించి ఏదో ఒక తేదీ చెప్పడం మాత్రం వద్దు.

తరువాత మీ నెలసరి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో చూడండి. 21 నుంచి 35 రోజుల మధ్య ఎంతైనా మామూలే. అండం విడుదలయ్యేది సుమారుగా తరువాతి నెలసరికి 14 రోజుల ముందు. ఫలదీకరణం జరిగితే అది గర్భసంచిలో నాటుకోవడానికి ఆ తరువాత 6 నుంచి 12 రోజులు పడుతుంది. నాటుకున్న తరువాతే పరీక్షలో దొరికే హెచ్‌సీజీ హార్మోను తయారవడం మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. చివరి నెలసరి జూన్ 4న మొదలయిందనుకుందాం. 28 రోజులకు వచ్చేవారికి తరువాతి నెలసరి జూలై 2న రావాలి, అండం జూన్ 18 ప్రాంతంలో విడుదలై ఉంటుంది, గర్భం నిలిస్తే జూన్ 24కూ 30కీ మధ్య నాటుకుంటుంది. అదే 35 రోజులకు వచ్చేవారికి నెలసరి జూలై 9న రావాలి. వీరు పక్కింటి అమ్మాయి లెక్క చూసి జూలై 2న పరీక్ష చేసుకుంటే గర్భం ఉన్నా "లేదు" అని రావచ్చు. లెక్క మీ ఒంటిది, మీ చుట్టుపక్కలవారిది కాదు.

నెలసరి క్రమం తప్పి వచ్చేవారికి ఈ పద్ధతి పనిచేయదు. అటువంటివారు భర్తతో చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి పరీక్ష చేసుకోవాలి.

2. గుర్తులను గమనించండి, కాని తొందరపడి నమ్మకండి

మొదటి గుర్తు నెల తప్పడమే. క్రమంగా నెలసరి వచ్చే స్త్రీకి ఒక వారం దాటితే, మిగతా గుర్తులేవీ లేకపోయినా పరీక్ష చేసుకోవాల్సిందే.

వేవిళ్ళు రాలేదు కాబట్టి గర్భం కాదనుకోవడం మన ఇళ్ళలో తరచుగా వినిపించే పొరపాటు. వాంతి అయితే తప్ప అత్తగారు నమ్మరు, కోడలికీ ధైర్యం చాలదు. నిజానికి వేవిళ్ళు మామూలుగా ఆరో వారం ప్రాంతంలో మొదలవుతాయి. పై ఉదాహరణలో ఆరు వారాలు నిండేది జూలై 16న, అంటే డేటు దాటిన రెండు వారాలకు. అప్పటికి పరీక్షలో ఫలితం తేలి చాలా రోజులవుతుంది. కొందరికి వేవిళ్ళు అసలు రావు, రాకపోవడం లోపం కాదు. వచ్చేవారికి కూడా ఉదయమే రావాలన్న నియమం లేదు. పొద్దుగూకే వేళ పొయ్యి దగ్గర నిలబడినప్పుడు ఎక్కువయ్యేవారున్నారు.

వాసనలు పడకపోవడం కొంత ముందుగానే మొదలవుతుంది. నిన్నటివరకు ఇష్టంగా తిన్న చేపల పులుసు మామిడికాయ ముక్కలతో ఉడుకుతున్న వాసనకే లేచి బయటికి వెళ్ళాలనిపించడం, తాలింపు ఘాటుకు కడుపులో తిప్పడం, నోట్లో ఇనుము నాకినట్టుండే రుచి: ఇవన్నీ చాలామంది చెప్పేవే.

రొమ్ములు బరువెక్కి, తాకితే నొప్పి పుట్టడం, చనుమొనలు సున్నితం కావడం, వాటి చుట్టూ ఉన్న వలయం ముదురు రంగుకు తిరగడం, అందులోని చిన్న చిన్న పొక్కులు ఎత్తుగా కనిపించడం మరికొన్ని గుర్తులు. నొప్పి నెలసరికి ముందు కూడా వస్తుంది. రంగు మారడం, పొక్కులు తేలడం మాత్రం గర్భంలోనే ఎక్కువగా చూస్తాము. మొదటిసారి గర్భం దాల్చినవారికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇదివరకే బిడ్డకు పాలిచ్చినవారికి అంతగా తెలియకపోవచ్చు.

నెలసరి రావలసిన రోజుకు కొద్దిగా ముందు కొందరికి గులాబీ రంగులోనో, ఇటుక రంగులోనో ఒకటి రెండు మరకలు కనిపిస్తాయి. పిండం నాటుకునేటప్పుడు ఇలా కావచ్చు. ఇది ఒకటి రెండు రోజులకు మించదు, ప్యాడు తడవదు, గడ్డలు పడవు. ఇక్కడ రెండు వైపులా పొరపాటు జరుగుతుంది: మరకను చూసి నెలసరి వచ్చేసిందనుకుని ఆ నెలను వదిలేసేవారు కొందరైతే, తక్కువగా వచ్చిన మామూలు నెలసరిని గర్భమనుకునేవారు కొందరు. ఎప్పటికంటే బాగా తక్కువగా, తక్కువ రోజులు కనిపించిందంటే వారం తరువాత పరీక్ష చేసుకోండి.

అలసట, పట్టపగలు నిద్ర తూలడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాలనిపించడం, మలబద్ధకం, కడుపు ఉబ్బరం, పొత్తికడుపులో నెలసరి వచ్చేముందు ఉండేలాంటి సన్నని నొప్పి, చీటికిమాటికీ ఏడుపు రావడం కూడా ఉంటాయి. వీటిని గుర్తుంచుకోండి చాలు, లెక్కపెట్టుకోనవసరం లేదు. వీటిలో చాలావాటికి కారణమైన ప్రొజెస్టిరాన్ అనే హార్మోను గర్భం నిలిచినా నిలవకపోయినా నెల రెండో సగంలో ప్రతి స్త్రీ ఒంట్లోనూ పెరుగుతుంది. సంతానం కోసం ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడుతున్నవారికైతే రొమ్ముల నొప్పి, మగత, డేటు ఆలస్యం కావడం ఈ మూడూ మందు వల్లనే రావచ్చు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో సంతానం రొట్టె అందుకుని ఇంటికి వచ్చిన ఆడబిడ్డ ప్రతి చిన్న మార్పులోనూ శుభవార్త వెతుక్కోవడం సహజమే. కాని ఆ ఆశతో ముందే పరీక్ష చేసి, ఒకే గీత చూసి కుంగిపోవడం కంటే వారం ఓపిక పట్టడం మేలు.

మట్టి, బియ్యం, సుద్ద, బలపం తినాలనిపించడం గర్భానికి గుర్తని పెద్దలు చెబుతారు. చాలాసార్లు అది రక్తహీనతకు గుర్తు. గర్భం ఉన్నా లేకపోయినా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

3. ఇతర కారణాలున్నాయేమో చూసుకోండి

నెల తప్పడానికి పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాకపోవడం), థైరాయిడ్ లోపం, ఒక్కసారిగా బరువు పెరగడం లేదా తగ్గడం, తీవ్రమైన జ్వరం, మనసుకు తగిలిన దెబ్బ కారణం కావచ్చు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న నెలలో డేటు ముందుకో వెనక్కో జరుగుతుంది. గర్భం రాకుండా మూడు నెలలకోసారి తీసుకునే 'అంతర' ఇంజెక్షన్, 'ఛాయా' మాత్రలు వాడేవారికి నెలసరి ఆలస్యం కావడం మామూలు. వీరందరికీ నెల తప్పడం ఒక్కటే గుర్తుగా పనికిరాదు, పరీక్షే దారి.

బిడ్డకు పాలిస్తున్నవారికి ప్రసవం తరువాత ఇంకా నెలసరి రాకముందే మళ్ళీ గర్భం నిలవవచ్చు. తప్పడానికి నెలే లేదు కాబట్టి నాలుగో ఐదో నెల వచ్చేవరకు తెలియనివారున్నారు. నలభై దాటినవారు "ముట్లుడిగే వయసు" అని సరిపెట్టుకుంటారు. ఒక్క కిట్టుతో తేలిపోయే విషయమది.

ప్రకాశం జిల్లాలో పొగాకు పనికి వెళ్ళే స్త్రీలకు ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది. పచ్చాకు కొట్టేటప్పుడు, ముఖ్యంగా మంచుకు తడిసిన ఆకును చంకన పెట్టుకుని మోసేటప్పుడు, అందులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. దానివల్ల వికారం, వాంతులు, తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తాయి, అవి అచ్చం వేవిళ్ళలాగే ఉంటాయి. తేడా తెలుసుకోవాలంటే, ఆ వికారం పనిలోకి వెళ్ళిన రోజున మొదలై, పని మానిన ఒకటి రెండు రోజులకు తగ్గిపోతుందేమో చూడండి. వేవిళ్ళు అలా సెలవు తీసుకోవు. గర్భమని తేలితే మాత్రం పచ్చాకు పనికి దూరంగా ఉండాలి, నికోటిన్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. కూలి పోతుందని మానలేని పరిస్థితి ఉంటే కనీసం తడి ఆకు తాకకుండా, చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని, జిగురు పట్టి నల్లబడిన చేతులను అన్నానికి ముందే గాక పని మధ్యలో కూడా సబ్బుతో కడుక్కోండి.

4. పరీక్ష చేయండి

నెలసరి రావలసిన రోజు దాటితే పరీక్ష చేయవచ్చు. వారం ఆగితే ఫలితం మరింత నమ్మకంగా ఉంటుంది.

ఉదయం లేచిన వెంటనే వచ్చే మొదటి మూత్రం వాడండి, రాత్రంతా నిలవ ఉండటం వల్ల హార్మోను అందులో చిక్కగా ఉంటుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ఆసుపత్రులలో రాత్రి షిఫ్టు చేసేవారు పగలు నిద్రపోయి లేచాక వచ్చే మూత్రం తీసుకోవాలి. మీకు తెల్లవారేది అప్పుడే. వేరే దారి లేకపోతే కనీసం నాలుగు గంటలు ఆపుకున్న మూత్రం వాడండి. మూత్రం రావాలని చెంబుల కొద్దీ నీళ్ళు తాగితే హార్మోను పలచబడి, ఉన్న గర్భం కూడా కనిపించకుండా పోతుంది.

కిట్టును కదలని చదునైన చోట పెట్టండి. కప్పులోని మూత్రాన్ని దానితో వచ్చిన డ్రాపరుతో తీసుకుని, గుండ్రటి గుంటలో కవరు మీద చెప్పినన్ని చుక్కలు, సాధారణంగా రెండు మూడు, ఒక్కొక్కటిగా వేయండి. ఎక్కువ వేస్తే ఎక్కువ బాగా తేలుతుందనుకోవడం పొరపాటు. పొంగి పొర్లితే కిట్టు చెడిపోతుంది. ఫలితం కనిపించే కిటికీ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. చుక్కలు వేసిన క్షణంలోనే టైమరు నొక్కండి.

ఉప్పు, చక్కెర, టూత్‌పేస్టు, వంటసోడాలో మూత్రం కలిపి నురగ వస్తే గర్భమని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటికి ఏ ఆధారమూ లేదు. ఎవరి మూత్రం పోసినా సోడా నురగ కక్కుతుంది. నాడి పట్టుకుని చెప్పేవారి మాట కూడా తేదీ లెక్కకు బదులు కాదు.

5. ఫలితం చదవండి

ఐదు నిమిషాలకు చూడండి. కవరు మీద వేరే సమయం రాసి ఉంటే దాన్నే పాటించండి. పది నిమిషాలు దాటాక కనిపించినదేదీ లెక్కలోకి రాదు.

"సి" అక్షరం దగ్గర ఒక్క గీత వస్తే ఆ రోజుకు గర్భం కనిపించలేదని అర్థం. "సి", "టి" రెండింటి దగ్గరా గీతలు వస్తే గర్భం ఉన్నట్టే. "సి" దగ్గర గీత రాకపోతే, "టి" దగ్గర వచ్చినా సరే, కిట్టు పనిచేయలేదు; కొత్తది వాడాలి.

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది లేత గీత గురించే. కిటికీ దగ్గరకు వెళ్ళి పగటి వెలుతురులో చూడండి. "టి" దగ్గరి గీతకు "సి" గీత రంగే ఉండి, పైనుంచి కింది దాకా దాదాపు అంతే వెడల్పుతో ఉంటే, ఎంత లేతగా ఉన్నా అది గర్భమున్నట్టే చూడాలి. రంగు లేకుండా బూడిద నీడలా, వెంట్రుక మందాన, అదీ సమయం దాటాక కనిపిస్తే అది మూత్రం ఆరిపోయినప్పుడు మిగిలే గుర్తు మాత్రమే. పొద్దున చెత్తబుట్టలో వేసిన కిట్టును సాయంత్రం ఆడపడుచుకు చూపించడానికి బయటికి తీసి, "రెండో గీత వచ్చింది" అనుకోవడం ఇలాంటిదే. ఫోనులో ఫోటో తీసి రంగులు పెంచి చూడటం కూడా వద్దు, లేని గీతలు పుడతాయి.

అనుమానం ఉంటే 48 గంటలు ఆగి రెండో కిట్టుతో చేయండి. తొలి వారాలలో హెచ్‌సీజీ సుమారుగా రెండు మూడు రోజులకు రెట్టింపవుతుంది కాబట్టి, ఇవాళ్టి లేత గీత ఎల్లుండికి ముదరాలి. అప్పటికీ అలాగే ఉంటే, లేదా చెరిగిపోయి రక్తస్రావం మొదలైతే ఆసుపత్రికి వెళ్ళండి. ఒకే గీత వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం తరువాత మళ్ళీ చేయండి.

రెండు గీతలు వచ్చినా గర్భం కాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. సంతాన చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకుని రెండు వారాలు నిండకపోతే పరీక్షలో ఆ మందే కనిపించవచ్చు. ఇటీవల గర్భస్రావం అయినవారికి కొన్ని వారాల వరకు పాత హార్మోను మిగిలి ఉంటుంది. ఈ రెండు సందర్భాలలోనూ కిట్టును పక్కన పెట్టి డాక్టరును అడగండి.

6. సంగతి తేలే వరకు చేయకూడనివి

డేటు రాలేదని మందుల షాపుకు వెళ్ళి "నెల రావడానికి మాత్రలు" అడిగి వేసుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. పరీక్ష చేయకుండా అవి వేసుకోకూడదు. గర్భం ఉన్నదన్న సంగతి ఆలస్యంగా తెలియడానికి ఇదొక ముఖ్య కారణం. బొప్పాయి, నువ్వులు, బెల్లం కషాయం తాగి ఎదురుచూడటం వల్ల జరిగేదీ కాలయాపనే.

గర్భస్రావం మాత్రలను డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఎన్నడూ వాడకండి. గర్భం ట్యూబులో ఉంటే అవి పనిచేయవు, లోపల మాత్రం ప్రమాదం ముదురుతూనే ఉంటుంది. గర్భం వద్దనుకున్నవారికి 1971 నాటి చట్టం, 2021 సవరణ ప్రకారం అర్హత గల డాక్టరు దగ్గర గర్భస్రావం చేయించుకునే వీలుంది. ఎంత తొందరగా వెళితే అంత సురక్షితం.

నొప్పి మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ డాక్టరును అడిగేవరకు ఆపండి. మూర్ఛ, బీపీ, థైరాయిడ్, షుగరు మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. చీటీ పట్టుకుని ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి, కొన్నింటిని మార్చవలసి ఉంటుంది. ఎక్స్‌రే తీసేచోట డేటు దాటిందని చెప్పండి. తెలియక ముందే ఒక ఎక్స్‌రే తీయించుకున్నారని భయపడి గర్భం తీయించుకోనవసరం లేదు, ఆ విషయం డాక్టరుకు చెబితే చాలు.

7. ఆసుపత్రిలో నిర్ధారించుకోండి, పేరు నమోదు చేయించుకోండి

రెండు గీతలు వచ్చిన వారంలోనే మీ ఊరి ఏఎన్‌ఎంను లేదా ఆశా కార్యకర్తను కలవండి. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదన్న పట్టింపు మన ఇళ్ళలో ఉంది. ఊరికి చెప్పకపోయినా ఫర్వాలేదు, ఏఎన్‌ఎంకు చెప్పండి. 12 వారాలలోపు నమోదు కావాలి. పై ఉదాహరణలో అది ఆగస్టు 27 లోపు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, చివరి నెలసరి తేదీ రాసిన కాగితం తీసుకువెళితే మాతా శిశు రక్షణ కార్డు ఇస్తారు. తొలి కాన్పుకు కేంద్రం మాతృవందన పథకం కింద ఇచ్చే 5,000 రూపాయలకు కూడా ఈ నమోదే ఆధారం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

ఫోలిక్ యాసిడ్ మాత్రలు అడిగి తీసుకోండి. తొలి మూడు నెలలు రోజుకు 400 మైక్రోగ్రాములు మామూలు మోతాదు. షుగరు, మూర్ఛ ఉన్నవారికి డాక్టరు ఎక్కువ ఇస్తారు. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం ఆరో వారానికల్లా మూసుకుంటుంది కాబట్టి బిడ్డను కోరుకుంటున్నవారు నెల తప్పకముందు నుంచే వేసుకోవడం ఉత్తమం.

కాన్పు తేదీ మీరే లెక్క కట్టవచ్చు: చివరి నెలసరి మొదటి రోజుకు 9 నెలలు, 7 రోజులు కలపండి. జూన్ 4 అయితే మార్చి 11. ఇది 28 రోజుల లెక్క. 35 రోజులకు నెలసరి వచ్చేవారు మరో వారం కలపాలి.

కిట్టుతో తేలని సందర్భంలో రక్తంలో బీటా హెచ్‌సీజీ పరీక్ష చేస్తారు. 5 లోపు ఉంటే గర్భం లేదని, 25 దాటితే ఉందని అర్థం. మధ్యలో ఉంటే 48 గంటలకు మళ్ళీ చేయాలి. అదే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే పోల్చడం కష్టం.

స్కానింగుకు మరీ తొందరపడకండి. గర్భసంచిలో తిత్తి ఐదో వారంలో, గుండె చప్పుడు ఆరో వారంలో లోపలి నుంచి చేసే స్కానింగులో కనిపిస్తాయి; పొట్ట మీద నుంచి చేస్తే ఇంకో వారం పడుతుంది. నొప్పి, రక్తస్రావం వంటివి లేకపోతే ఏడు, ఎనిమిది వారాల మధ్య వెళ్ళడం సరైన సమయం. ఐదో వారంలోనే వెళ్ళి "గుండె చప్పుడు లేదు" అన్న మాట విని, ఇంటికి వచ్చి అన్నం ముట్టనివారు ఎంతోమంది. అండం ఆలస్యంగా విడుదలైనవారికి లెక్క ప్రకారం ఏడో వారమైనా పిండం ఐదో వారంలా కనిపించవచ్చు. ఆ ఒక్క స్కానింగుతోనే గర్భం నిలవలేదన్న నిర్ణయానికి వచ్చి మాత్రలు వేసుకోకండి; డాక్టరు చెప్పిన ప్రకారం వారం నుంచి రెండు వారాల తరువాత మళ్ళీ స్కానింగు చేయించండి. వెళ్ళేటప్పుడు మొదటి రిపోర్టుతో పాటు, నెలసరి ఎన్ని రోజులకు వస్తుందో, పరీక్షలో రెండు గీతలు మొదట ఏ తేదీన కనిపించాయో రాసిన కాగితం కూడా తీసుకువెళ్ళండి.